వీరకావ్యం చదివే పద్ధతి: ముందుగా మాటల పట్టీ రాసుకోండి

ద్రోణపర్వం మొదలుపెట్టిన చాలామంది రెండో రోజుకే పుస్తకం మూసేస్తారు. ఎవరు ఎవరిమీద ఎన్ని బాణాలు వేశారో, ఎవరి కేతనం విరిగిందో, ఎవరి సారథి కూలాడో పేజీల తరబడి సాగుతుంది. యుద్ధాన్ని యుద్ధంగా చదివితే విసుగే మిగులుతుంది. పాత కవులు శ్రోతను కూర్చోబెట్టింది బాణాల లెక్కతో అయ్యుండదు. ఎవరు ఎవరికి మాట ఇచ్చారు, ఆ మాట ఇంకొక మాటకు ఎక్కడ అడ్డం తగిలింది, అడ్డం తగిలినప్పుడు ఆ మనిషి ఏది వదులుకున్నాడు అన్నదే వీరకథకు వెన్నెముక. దాన్ని పట్టుకుంటే భారత యుద్ధపర్వాలూ, పల్నాటి వీరచరిత్రా, కాటమరాజు కథా ఒకే పద్ధతిలో చదువుకోవచ్చు. ఆ పద్ధతి ఇది.

ఎక్కడ మొదలుపెట్టాలి

కవిత్రయ భారతం చేతిలో ఉంటే ద్రోణపర్వంతో కాకుండా విరాటపర్వంతో మొదలుపెట్టండి. తిక్కన తన పదిహేను పర్వాలనూ అక్కడే మొదలుపెట్టాడు. ఐదు ఆశ్వాసాలు, ఒక ఊరు, ఒక ఏడాది కథ. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఆనవాయితీ ఉండటంతో పెద్దవాళ్ల నోట పద్యాలు నిలిచిన పర్వం కూడా ఇదే. వీరం ఎలా అణిగి ఉంటుందో, ఎలా బయటపడుతుందో రెండూ ఇక్కడ కనిపిస్తాయి. ఆ తర్వాత ఉద్యోగపర్వంలో రాయబారాలు, అటుపైన ద్రోణ, కర్ణ పర్వాలు. భీష్మపర్వాన్ని పూర్తిగా చదవలేకపోతే యుద్ధ నియమాల ఘట్టమూ, పదో రోజూ తప్పకుండా చదవండి. ఆ రెండూ వదిలేస్తే తర్వాత జరిగే తప్పులు తప్పులుగా కనబడవు.

తిరుమల తిరుపతి దేవస్థానం అర్థతాత్పర్యాలతో వేసిన ప్రతి దొరికితే మంచిది. పక్కన శబ్దరత్నాకరమో, సూర్యరాయాంధ్ర నిఘంటువో ఉండాలి. ఒక్కసారి కూర్చున్నప్పుడు పది పన్నెండు పద్యాలు చాలు. వచనాలను వదలకండి. పద్యం మనసును పట్టుకుంటుంది గానీ కథను మలుపు తిప్పే పని తిక్కన చాలాసార్లు వచనానికే అప్పజెబుతాడు.

పట్టీ ఎలా గీసుకోవాలి

రెండు పేజీలు పక్కపక్కన పరిచేలా ఉండే నోటుబుక్కు తీసుకుని ఐదు గడులు గీయండి. మొదటి గడిలో మాట ఇచ్చినవాడు. రెండో గడిలో ఎవరికి ఇచ్చాడు: దేవుడికా, తండ్రికా, ప్రభువుకా, శత్రువుకా, తనకు తానేనా. మూడో గడిలో మాట ఏమిటి, దానికి గడువూ షరతూ ఏమిటి. నాలుగో గడిలో ఆ మాటకు అడ్డం వచ్చిన ఇంకొక మాట లేదా నియమం. ఐదో గడిలో చెల్లించిన మూల్యం. ఐదో గడిని వెంటనే నింపకండి. చాలా మాటల మూల్యం రెండు మూడు పర్వాల తర్వాత గానీ తేలదు. కర్ణుడు కుంతికి ఉద్యోగపర్వంలో ఇచ్చిన మాట ధర ద్రోణ, కర్ణ పర్వాల్లో విడతలు విడతలుగా కడతాడు. అర్జునుడు తప్ప మిగతా నలుగురినీ చంపనని చెప్పాడు కాబట్టి భీముణ్ణీ, నకులుణ్ణీ, సహదేవుణ్ణీ, ధర్మరాజునూ చేతికి చిక్కించుకుని కూడా వదిలేస్తాడు. పట్టీ లేకుండా చదివితే అవి నాలుగు విడివిడి ఘట్టాలు. పట్టీలో మాత్రం అవన్నీ ఒకే వరుసలోకి వస్తాయి.

ద్రోణపర్వంలో నాలుగు రోజులను ఇలా నింపి చూడండి.

పదకొండో రోజు ద్రోణుడు సేనాపతి అవుతాడు. ధర్మరాజును ప్రాణంతో పట్టిస్తానని దుర్యోధనుడికి మాట ఇస్తాడు. షరతు ఒకటే: అర్జునుడు దగ్గర ఉండకూడదు. ఆ షరతు తీర్చడానికి త్రిగర్తరాజు సుశర్మా, అతని తమ్ములూ అగ్నిసాక్షిగా ఇంకో మాట ఇస్తారు: అర్జునుణ్ణి చంపాలి, లేదా చావాలి. వాళ్లే సంశప్తకులు. పన్నెండో రోజు వాళ్లు పిలుస్తారు. యుద్ధానికి పిలిస్తే వెనుదిరగకూడదన్నది అర్జునుడి వ్రతం. ధర్మరాజును కాపాడటమూ అతని పనే. రెండు మాటలు ఢీకొంటాయి. కాపలా సత్యజిత్తుకు అప్పగించి వెళ్తాడు. ఆ రోజు ద్రోణుడి మాట నెరవేరదు. దుర్యోధనుడు నిష్ఠూరమాడతాడు. ద్రోణుడు ఇంకో మాటకు దిగుతాడు: రేపు దేవతలు కూడా ఛేదించలేని వ్యూహం పన్ని ఒక మహారథుణ్ణి పడగొడతాను.

పదమూడో రోజు అర్జునుడు మళ్లీ సంశప్తకుల వైపు పోతాడు. వ్యూహం ముందు మిగిలింది అభిమన్యుడు. లోపలికి వెళ్లడం తండ్రి నేర్పాడు, ఆపదలో బయటికి రావడం తెలియదు అని అతనే పెదనాన్నకు చెబుతాడు. నీ వెనకే మేమంతా వస్తాం అని ధర్మరాజు మాట ఇస్తాడు. ఈ మాటను పట్టీలో ఎర్ర సిరాతో రాయండి, ఎందుకంటే పాఠకులు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. సైంధవుడు ద్వారం దగ్గర నిలిచి, అర్జునుడు తప్ప మిగతా పాండవులను ఒక్కరోజు ఆపగల వరంతో ఆ మాటను తుంచేస్తాడు. సాయంత్రం అర్జునుడు రేపు పొద్దుగుంకేలోగా సైంధవుణ్ణి చంపుతానని, లేకపోతే అగ్నిలో దూకుతానని శపథం చేస్తాడు. పద్నాలుగో రోజంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ఆ రోజు పక్కదారుల్లో మరో రెండు మాటలు కొట్టుకుంటాయి. ధర్మరాజును విడిచిపోవద్దని అర్జునుడు సాత్యకికి చెప్పి వెళ్లాడు. అర్జునుడికి ఏమైందో చూసి రమ్మని ధర్మరాజు అదే సాత్యకిని ఆజ్ఞాపిస్తాడు. సాత్యకి చాలాసేపు నలుగుతాడు. ఈ సంభాషణను దాటేసి యుద్ధంలోకి దూకకండి, వీరుడి లోపలి తూకం ఇక్కడే తెలుస్తుంది. చివరికి వెళ్తాడు, అలసిపోయి భూరిశ్రవుడికి చిక్కుతాడు. భూరిశ్రవుడు కత్తి ఎత్తిన క్షణంలో వేరొకరితో పోరాడుతున్న అర్జునుడు పక్కనుంచి బాణం వేసి ఆ చెయ్యి నరుకుతాడు. తన బాణం అందేంత దూరంలో తనవాళ్లెవరినీ చావనివ్వనన్నది తన వ్రతమని అర్జునుడు సమాధానం చెబుతాడు. అంటే యుద్ధ నియమం నాలుగో గడిలో ఉంది, స్వంత వ్రతం మూడో గడిలో ఉంది. అర్జునుడు వ్రతాన్ని ఎంచుకున్నాడు. భూరిశ్రవుడు ఆయుధం వదిలి ప్రాయోపవేశానికి, అంటే తిండి మాని ప్రాణం విడవడానికి, కూర్చున్నాక సాత్యకి తల నరకడం వేరే వరుసలో రాయాలి. వ్యాసభారతంలో సాత్యకి కూడా, తనను తన్నినవాణ్ణి మునివ్రతంలో ఉన్నా చంపుతానన్న ప్రతిజ్ఞను అండగా చెప్పుకుంటాడు. రెండింటినీ ఒకే అధర్మంగా కట్టకట్టేస్తే కవి పెట్టిన తేడా పోతుంది.

పట్టీలో బాగా రాణించే ఘట్టం ఇంకొకటి కర్ణపర్వంలో ఉంది. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి వ్రతం. పదిహేడో రోజు గాయాలతో శిబిరానికి చేరిన ధర్మరాజు కోపంలో ఆ మాటే అంటాడు. అర్జునుడు కత్తి దూస్తాడు. పెద్దవాణ్ణి ‘నువ్వు’ అని తూలనాడితే చంపినట్టే అని కృష్ణుడు దారి చూపుతాడు. అన్నను తిట్టినందుకు తాను చావబోతే, తనను తాను పొగుడుకోవడం చావుతో సమానమని ఇంకో దారి చూపుతాడు. హాస్యంగా కనిపించే ఈ ఘట్టం నిజానికి వ్రతం అనే వ్యవస్థను కవి లోపలినుంచి పరీక్షించడం. తొందరపడి నవ్వేసి దాటిపోవద్దు.

యుద్ధ నియమాలు వేరే కాగితం మీద

భీష్మపర్వం మొదట్లో రెండు పక్షాలూ ఒప్పుకున్న నియమాలను పట్టీలో కలపకుండా ఒక అట్టముక్క మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. రథికుడు రథికుడితో, ఏనుగువాడు ఏనుగువాడితో, రౌతు రౌతుతో, కాల్బంటు కాల్బంటుతో. మాటలతో పోరేవాడితో మాటలతోనే. బారు విడిచి పోయినవాణ్ణి కొట్టరాదు. వేరొకరితో తలపడి ఉన్నవాణ్ణి, ఏమరుపాటున ఉన్నవాణ్ణి, పారిపోయేవాణ్ణి, ఆయుధం పోయినవాణ్ణి, కవచం లేనివాణ్ణి కొట్టరాదు. సారథులనూ, బరువు మోసే జంతువులనూ, ఆయుధాలు అందించేవాళ్లనూ, భేరీలు శంఖాలు మోగించేవాళ్లనూ ముట్టరాదు.

చదువుతూ ఏ నియమం ఏ రోజు పోయిందో అట్ట మీద రోజు సంఖ్య వేయండి. పదో రోజు శిఖండిని ముందు పెట్టుకుని భీష్ముణ్ణి కొట్టడం. పదమూడో రోజు కర్ణుడు అభిమన్యుడి విల్లు విరవడం, కృతవర్మ గుర్రాలను చంపడం, చివరికి ఆయుధాలన్నీ పోయి అలసి పడిన కుర్రవాణ్ణి దుశ్శాసనుడి కొడుకు గదతో కొట్టడం. పదిహేనో రోజు ఆయుధం వదిలి కూర్చున్న ద్రోణుడు. పదిహేడో రోజు నేలలో కూరుకున్న చక్రం ఎత్తుతున్న కర్ణుడు. పద్దెనిమిదో రోజు నాభికి దిగువన కొట్టకూడదన్న గదాయుద్ధ నియమాన్ని తోసిరాజని భీముడు తొడలు విరగ్గొట్టడం. ఇక్కడ మాత్రం పట్టీ వైపు చూడండి: తొడ విరుస్తానన్న శపథం సభాపర్వం నుంచే అక్కడ ఉంది. అది తెలిసీ బలరాముడు మండిపడతాడు. శపథం గొప్పదా, గదాయుద్ధ నియమం గొప్పదా అన్న తగవులో ఏదో ఒక పక్షం తేల్చేయాలని చూడకుండా, కవి ఎవరి నోట ఏ వాదం పెట్టాడో రాసుకోవడం పాఠకుడి పని.

పద్యాన్ని విప్పడం

వీరరస పద్యం కళ్లతో చదివితే సగమే అందుతుంది. విరాటపర్వంలో సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపది కీచకుడితో అనే ఈ శార్దూలాన్ని తీసుకోండి:

దుర్వారోద్యమ బాహువిక్రమరసాస్తోకప్రతాపస్ఫుర
ద్గర్వాంధప్రతివీరనిర్మథనవిద్యాపారగుల్ మత్పతుల్
గీర్వాణాకృతు లేవు రిప్డు నిను దోర్లీలన్ వెసన్ గిట్టి గం
ధర్వుల్ మానముఁ బ్రాణముం గొనుట తథ్యం బెమ్మెయిం గీచకా!

మొదట అర్థం జోలికి పోకుండా మూడుసార్లు పైకి చదవండి. శార్దూలానికి పాదానికి 19 అక్షరాలు, మ స జ స త త గ గణాలు, యతి 13వ అక్షరం మీద. ప్రాస ఇక్కడ ‘ర్వ’: దుర్వా, గర్వాం, గీర్వా, ధర్వు. యతి వెతికేటప్పుడు కొత్తవాళ్లు చిక్కుకునే చోటు ఒకటుంది. రెండో పాదం ‘గ’తో మొదలైనట్టు అనుకుంటే 13వ అక్షరం ‘ద్యా’తో యతి కుదరదు. పై పాదం చివరి ‘స్ఫురత్’ కలవడంతో పాదం ‘ద్గ’తో మొదలవుతుంది, ‘ద్గ’కూ ‘ద్యా’కూ యతి. మూడో పాదంలోనూ అంతే. ‘మత్పతుల్’లోని ‘ల్’ తర్వాతి అక్షరంతో కలిసి ‘ల్గీ’ అవుతుంది, అదే 13వ అక్షరం ‘ర్లీ’తో కలుస్తుంది. అంటే మొదటి మూడు పాదాల చివరా ఊపిరి తీసుకోకూడదు. తీసుకుంటే యతి విరుగుతుంది, ద్రౌపది కోపం కూడా విరుగుతుంది. ఆగాల్సింది ‘ఏవుర్’ దగ్గర, ఇంకా అవసరమైతే ‘తథ్యంబు’ తర్వాత.

రెండో పని సమాసాన్ని విడగొట్టడం. దుర్వార ఉద్యమ, బాహువిక్రమ రస, అస్తోక ప్రతాప, స్ఫురత్ గర్వ అంధ, ప్రతివీర, నిర్మథన, విద్యా, పారగుల్. ఇక్కడ చాలామంది పొరబడతారు. అడ్డుకోలేని పూనిక, భుజబలం, తక్కువ కాని ప్రతాపం, వాటివల్ల కళ్లు మూసుకుపోయిన గర్వం అన్నవి భర్తల లక్షణాలు అనుకుంటారు. కాదు, ‘అంధ’ దాకా ఉన్నదంతా ‘ప్రతివీర’కు విశేషణం, అంటే శత్రువులకు. అలాంటి శత్రువులను చిలికిపారేసే విద్యలో ఆరితేరినవాళ్లు నా మగలు అని వాక్యం. శత్రువును ఎంత ఎత్తితే అతన్ని కూల్చేవాడు అంత ఎత్తుకు పోతాడన్నది వీరరస రచనలో పాత కిటుకు. ఇంకొంచెం గమనిస్తే, ఆ విశేషణాలన్నీ ఎదురుగా నిలబడ్డ కీచకుడికే సరిపోతాయి. ఆవిడ అతని బొమ్మ గీసి చూపించి మరీ చెబుతోంది.

మూడో పని భాష ఎక్కడ మారిందో గీత గీయడం. రెండు పాదాలు సంస్కృత సమాసం. మూడో పాదం నుంచి ఏవురు, ఇప్డు, వెసన్, గిట్టి అని చిన్న చిన్న తెలుగు మాటలు. చివర మానం, ప్రాణం, తథ్యం. పొడుగాటి సమాసంలో బలం కూడగట్టుకుని, దెబ్బ మాత్రం పొట్టి మాటలతో వేశాడు తిక్కన. చదివేటప్పుడు మొదటి రెండు పాదాలు ఒకే గుక్కలో, తర్వాతివి మాట మాటకీ విడిగా పలకాలి. రంగస్థల అలవాటుతో ‘కీచకా’ను రాగం తీసి ముగిస్తే బెదిరింపు పాటైపోతుంది.

నాలుగో పని మళ్లీ పట్టీకే. ఈ పద్యం ఒక మాట, అయితే ఇతరుల తరఫున ఇచ్చిన మాట. ఆ ‘ఇతరులు’ ఇంకో మాటకు కట్టుబడి ఉన్నారు: అజ్ఞాతవాసంలో ఒక్కరు బయటపడినా మళ్లీ పన్నెండేళ్లు అడవి. అందుకే భర్తల పేరు చెప్పలేక గంధర్వులంటుంది. ఈ రెండు మాటలనూ ఒకేసారి నిలబెట్టాలంటే చీకట్లో, ఆయుధం లేకుండా, ఎవరికీ తెలియకుండా చంపడమొక్కటే దారి. భీముడు చేసిందదే. నర్తనశాలలో హత్య వ్యూహం కాదు, పట్టీ తీసిన లెక్క.

ఇదే పర్వంలో లెక్క అక్షరాలా కూడా వస్తుంది. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు బయటపడగానే గడువు తీరలేదని దుర్యోధనుడు లేస్తాడు. ఐదేళ్లకు రెండు అధికమాసాల చొప్పున పదమూడేళ్లకు ఐదు నెలల పన్నెండు రాత్రులు అదనంగా వస్తాయని భీష్ముడు లెక్కగట్టి, మాట నిలబడిందని తీర్పు చెబుతాడు. శత్రుపక్షంలోని పెద్ద ఇలా తీర్పు చెప్పడాన్ని తప్పక గుర్తు పెట్టుకోండి. వీరుడి మాట చెల్లిందని చెప్పే హక్కు వీరుడికి లేదు.

వీరమా, రౌద్రమా

భరతుడి నాట్యశాస్త్రం వీరానికి స్థాయి, అంటే అడుగున నిలిచి ఉండే భావం, ఉత్సాహం అంటుంది, రౌద్రానికి క్రోధం. వీరానికి విభావాల్లో (రసాన్ని పుట్టించే కారణాల్లో) బలపరాక్రమాలతో పాటు అసమ్మోహం (తికమక పడకపోవడం), నయం (నీతి), వినయం ఉన్నాయి. అనుభావాల్లో (రసం బయటికి కనబడే గుర్తుల్లో) స్థైర్యం, ధైర్యం, శౌర్యంతో పాటు త్యాగం ఉంది. ఈ జాబితాను పక్కన పెట్టుకుని ఘట్టాన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ క్షణంలో ఇతను ఆగగలడా? ఆగగలిగీ ముందుకు పోతే వీరం. ఆగలేకపోతే రౌద్రం. దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగే భీముడి దగ్గర వీరం వెతక్కండి, అది రౌద్రం నుంచి బీభత్సంలోకి జారిన చోటు. అభిమన్యుడు ఒక్కడే వ్యూహంలోకి పోవడం వీరం. కవచకుండలాలు అడిగింది ఇంద్రుడని ముందే తెలిసీ కోసి ఇచ్చిన కర్ణుడిది దానవీరం. భరతుడు దాన, ధర్మ, యుద్ధ వీరాలని మూడే చెప్పాడు, సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు దయావీరం చేర్చి నాలుగు చేశాడు. ప్రతి పాత్రనూ ఈ నాలుగు గళ్లలో ఎక్కడో కుక్కాలని చూడటం పరీక్ష రాసేవాళ్ల అలవాటు. దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు.

పల్నాడుకు వచ్చేసరికి చెవి మార్చుకోవాలి

పల్నాటి వీరచరిత్ర మంజరీ ద్విపద. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మూడో గణం మొదట యతి. మామూలు ద్విపదకు రెండు పాదాలకూ ప్రాస ఉంటుంది, మంజరికి ఉండదు. ప్రాస లేదు కాబట్టి పాదాలు జంటలుగా ఆగకుండా దొర్లుతూ పోతాయి. శార్దూలంలా నిలబెట్టి చదివితే చప్పగా ఉంటుంది. పాతిక ముప్పై పాదాలు ఒకే ఊపులో, సూర్యగణం దగ్గర మాత్రమే చిన్న తూగు ఇస్తూ చదవాలి. ఇది చేతిలో కత్తీ డాలూ పట్టుకుని, పంబజోడూ తిత్తీ వాయిస్తూ వీరవిద్యావంతులు పాడే కథ. శ్రీనాథుడి పేర మనకున్నది ప్రధానంగా బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి యుద్ధభాగం, 1911లో అక్కిరాజు ఉమాకాంతం అచ్చు వేయించాడు. మొత్తం కథ కావాలంటే గాయకుల పాఠాలకూ, ఇతర కవుల పాఠాలకూ వెళ్లాల్సిందే. యుద్ధం పన్నెండో శతాబ్దిది, శ్రీనాథుడు రెండు వందల ఏళ్లకు పైగా తర్వాతివాడు. కాబట్టి అందులోని సంభాషణలను చరిత్రగా ఎత్తి రాయవద్దు. గాయకుల పాఠం అచ్చుతో తేడాగా ఉంటే అచ్చును ఒప్పుగా ఎంచి దిద్దవద్దు కూడా.

భారతానికి గీసిన పట్టీయే ఇక్కడా పనిచేస్తుంది, కాకపోతే రెండో గడి మారుతుంది. భారతంలో మాటలు ఎక్కువగా దేవుడికీ, ప్రభువుకూ, తనకు తానుగా. పల్నాటిలో మాట పొత్తుకు, అంటే తోటివాళ్లకు. కోడిపందెంలో ఓడి ఏడేళ్లు ఊరు విడిచిన మాచర్లవారు, అంటే బ్రహ్మనాయుడి పక్షం, గడువు తీరాక తమ భాగం అడుగుతూ అలరాజును గురజాలకు రాయబారం పంపుతారు. అతను గురజాల రాజు నలగామరాజుకు అల్లుడు కూడా. అతన్ని చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపుతారు. రాయబారిని చంపకూడదన్న నియమమూ, అల్లుణ్ణి చంపకూడదన్న బంధుత్వమూ ఒకేసారి తెగిపోయాయి. నాలుగో గడిలో రెండు వరుసలు రాయండి.

బాలచంద్రుడి దగ్గర నెమ్మదించండి. మేడపిలో బొంగరాలాడుతుంటే బొంగరం ఎగిరి ఒక కోమటి ఇల్లాలికి తగులుతుంది. అక్కడ యుద్ధం జరగబోతుంటే ఇక్కడ ఆటలా అన్న ఆవిడ ఎత్తిపొడుపే కథను తిప్పుతుంది. తర్వాత తల్లి ఐతాంబ, ఆపైన భార్య మాంచాల. సెలవు తీసుకోవడానికి వెళ్లి మాంచాల దగ్గర మెత్తబడిన వాణ్ణి ఆమె యుద్ధానికే తోస్తుంది. ముగ్గురు స్త్రీల మాటలు వరుసగా వస్తాయి, ప్రతి మాటా అతన్ని ఒక మెట్టు ముందుకు నెడుతుంది. వీటిని అలంకారంగా చదివి యుద్ధఘట్టానికి పరుగెత్తడం పల్నాటి కథ చదివేవాళ్లు చేసే పెద్ద పొరపాటు. వీరుణ్ణి తయారుచేసే పని ఈ కావ్యంలో ఇంటి గడప దగ్గరే జరిగిపోతుంది.

కథలో బరువైన ముడి అనపోతు. బాలచంద్రుడితో అన్నదమ్ములుగా పెరిగినవాళ్లు వేర్వేరు కులాలవాళ్లు, అనపోతు బ్రాహ్మణుడు. యుద్ధంలో అతను చస్తే ఆ పాపం తమకు చుట్టుకుంటుందని బాలచంద్రుడు ఏదో పనిమీద వెనక్కి పంపేస్తాడు. మోసం తెలిసి అనపోతు ప్రాణం తీసుకుంటాడు. అతన్ని కాపాడాలన్న ఉద్దేశమే అతనికిచ్చిన పొత్తు మాటను తెంచింది. బ్రహ్మనాయుడు చాపకూటితో, అంటే అన్ని కులాలవాళ్లూ కలిసి కూర్చుని తినే తిండితో, కట్టిన బంధం కులం దగ్గర ఎంతవరకు నిలిచిందని కావ్యం తనను తాను అడుగుతున్న చోటు ఇది. అందుకే అదే కథలో మాల కన్నమదాసు బ్రహ్మనాయుడి దత్తపుత్రుడిగా, సేనానిగా ఉండటాన్ని ఈ ఘట్టం పక్కనే పెట్టి చదవాలి.

బాలచంద్రుడి మూల్యం కూడా తేలిక కాదు. తండ్రి సంధికి మొగ్గితే కొడుకు ఒప్పుకోడు, కత్తి పట్టుకుని దిగుతాడు. అతణ్ణి నిష్కళంక వీరుడిగా చూపాలని ఈ భాగాన్ని నొక్కేసే తిరగరాతలు చాలా ఉన్నాయి. మూలం అంత పిరికిది కాదు. కారంపూడిలో ఏటా జరిగే వీరారాధనకు వెళ్తే రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అన్న ఐదు రోజుల వరుసను మీ పట్టీతో సరిచూసుకోండి. ఊరు దేన్ని ప్రధానమనుకుని నిలుపుకుందో అందులో తెలుస్తుంది: ఐదు రోజుల్లో ఒకటి పూర్తిగా రాయబారానిది.

ఒకే యుద్ధం, రెండు పక్షాలు

అవతలి పక్షం కథ దొరికితే తప్పక చదవండి. నెల్లూరు మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన, కవి తిక్కనకు దాయాది. పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) తగాదాలో కాటమరాజు గొల్లలతో పోరి పాలేటి ఒడ్డున పడిపోయాడు. అతను ఒకసారి వెనుదిరిగి ఇంటికి వస్తే స్నానానికి మంచం అడ్డంపెట్టి పసుపుముద్ద ఉంచారని, తల్లి విరిగిన పాలు వడ్డించిందని చాటువులు (జనం నోట నిలిచిన విడి పద్యాలు) చెబుతాయి. అవి నెల్లూరి పక్షం. కొమ్ములవారు పాడే కాటమరాజు కథలో అదే యుద్ధం మేత కోసం, మంద కోసం. రెండు పట్టీలూ పక్కపక్కన గీస్తే మూడో గడిలో షరతులు వేరువేరుగా వస్తాయి. చాటువులను ఖడ్గతిక్కన జీవితచరిత్రగా వాడకండి, వీరుడు వెనక్కి వస్తే ఇల్లు ఏమంటుందని ఆ కాలం ఊహించుకుందో చెప్పే సాక్ష్యంగా వాడండి.

తరచూ జరిగే తప్పులు కొన్ని

‘జెండాపై కపిరాజు’ తిక్కనది అనుకుని వ్యాసాల్లో ఎత్తి రాస్తుంటారు. అది తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకంలోది. అభిమన్యుడు తల్లి కడుపులో ఉండగా పద్మవ్యూహం విన్నాడన్న కథ జనంలో ఉన్నది. భారతంలో అతను చెప్పేది తండ్రి నేర్పాడనే. శశిరేఖ భారతంలో లేదు. పద్యం ఉటంకించే ముందు పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య మూడూ రాసుకోలేకపోతే ఆ పద్యాన్ని వాడకండి. ‘అతిరథుడు’, ‘అర్ధరథుడు’ అన్నవి పొగడ్తలూ తిట్లూ కావు, ఉద్యోగపర్వంలో భీష్ముడు వేసిన సైనిక శ్రేణులు. కర్ణుణ్ణి అర్ధరథుడనడంతో అతను భీష్ముడు ఉన్నంతవరకు ఆయుధం పట్టనని అంటాడు. అదీ పట్టీకి ఎక్కాల్సిన మాటే, మొదటి పది రోజులు కర్ణుడు ఎందుకు లేడన్నదానికి జవాబు.

ఈ చదువును బయటికి తీసుకుపోవాలనుంటే మీ దగ్గరి వీరగల్లు, అంటే పోరులో చచ్చిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, చూడండి. రాయలసీమ ఊళ్లలో ఇవి చాలా చోట్ల ఉన్నాయి, ఎక్కువ భాగం పశువుల మందను విడిపించబోయి చచ్చినవాళ్లవి, అంటే విరాటపర్వంలోని గోగ్రహణాలే. మూడంతస్తులున్న రాయిని కిందినుంచి పైకి చదవాలి: అడుగున పోరు, నడుమ వీరుణ్ణి మోసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు. శాసనం ఉంటే అక్షరాల్లో సుద్దపొడి నింపకండి, నూనె పూయకండి, రెండూ రాయిని పాడుచేస్తాయి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండ పడ్డప్పుడు పక్కనుంచి ఫొటో తీస్తే అరిగిన అక్షరాలు కూడా లేచి కనబడతాయి. మధ్యాహ్నం వెళ్తే ఉత్త బండ కనిపిస్తుంది. పట్టీలో ఆ రాయికి మొదటి, మూడో, ఐదో గడులు నిండుతాయి. మిగతా రెంటికీ ఊళ్లో పెద్దవాళ్లను అడగాలి. వాళ్లు చెప్పింది శాసనంతో కలవకపోతే రెండూ రాసుకోండి, ఏది ఎవరు చెప్పారో తేదీతో సహా.